చిన్న మావయ్య ఒప్పుకున్నాడు

మందుల హోల్‌సేల్ వ్యాపారంలో నాకు ముప్పై నాలుగేళ్ళు నిండాయి. ఇందులో లాభం నూటికి ఎనిమిది, మంచి సంవత్సరమైతే తొమ్మిది. అంత సన్నటి లాభం మీద బతికేవాడికి వృథా ఎక్కడ కనిపించినా కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. నా కంట్లో పడ్డ నలుసుల్లో పెద్దది రోజుకు గంటా పది నిమిషాలు. దాన్ని మిగుల్చుకోబోయి ఏం పోగొట్టుకున్నానో ఇక్కడ రాస్తున్నాను.

మా గోడౌను వెనక భాగంలో కోల్డ్ రూము ఉంది. ఇన్సులిన్, టీకా మందులు, కొన్ని కంటి చుక్కలు అందులో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వేడి తగిలితే మందు పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతుందని చాలామందికి తెలియదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. సీసా అదే, లేబులు అదే, గడువు తేదీ అదే. లోపల పస ఉండదు.

ఆ గదికి పెత్తనం మా చెల్లెలి కూతురిది. ఫార్మసీ చదివి, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ తెచ్చుకున్న పిల్ల. బయట ఇంకెక్కడైనా చేరితే నేనిచ్చే జీతానికి ఒకటిన్నర రెట్లు వచ్చేది. అది నాకు తెలుసు, తనకూ తెలుసు. మేనమామ దగ్గర చేస్తున్నానన్న మాటకు మిగతా సగం చెల్లువేసుకుంది. ఉదయం ఆరున్నరకల్లా వచ్చి గోడౌను తెరిచేది. థర్మామీటరు చూడకుండా మంచినీళ్ళు కూడా తాగేది కాదు.

అయిదేళ్ళ క్రితం లైసెన్సు ఇచ్చే ఆఫీసువాళ్ళు, కోల్డ్ రూము ఉన్న ప్రతివాళ్ళూ కంప్యూటర్లో కొత్త పద్ధతి పెట్టుకోవాలన్నారు. పెట్టడానికి వచ్చినతను బట్టతల మనిషి, మాట పొదుపు.

"ఒకళ్ళు రాయాలి, ఇంకొకళ్ళు ఒప్పుకోవాలి. రాసినవాళ్ళే ఒప్పుకోకూడదు. అంతే సార్ రూలు," అన్నాడు.

"మా ఇంట్లో రాసేదీ మా ఆవిడే, ఒప్పుకునేదీ మా ఆవిడే. ఇన్నేళ్ళలో ఎక్కడా తేడా రాలేదయ్యా," అన్నాను.

అతను నవ్వలేదు. "ఇంట్లో కూర తేడా చేస్తే మీ ఒక్కరి కడుపే సార్ నొచ్చేది," అని తన పని తను చేసుకుపోయాడు.

పద్ధతి ఇది. కోల్డ్ రూములోంచి ఏ పెట్టె బయటికి వెళ్ళాలన్నా మా మేనకోడలు కంప్యూటర్లో 'పంపవచ్చు' అని రాయాలి. అప్పుడు నా ఫోనుకు ఆరంకెల నంబరు వస్తుంది. నేను నా ఫోనులోనే ఆ గది చలి గీత చూసి, ఎక్కడా రెండు కిందికి దిగలేదు, ఎనిమిది దాటలేదు అని నిర్ధారించుకుని, ఆ నంబరు కొట్టాలి. అప్పుడే గేటు చీటీ అచ్చవుతుంది. చీటీ లేకుండా వాచ్‌మన్ వ్యాను కదలనివ్వడు. ఏదైనా తేడా ఉంటే ఆ సరుకును 'ఆపు'లో పెట్టాలి. 'ఆపు'లోంచి తీయాలన్నా మళ్ళీ ఇద్దరూ కావాలి.

మూడు నెలలు బుద్ధిగా చేశాను. కంపెనీ వాళ్ళతో బేరం తెగే సమయానికి ఫోను మోగేది. ఒక్క నిమిషం అని చూసి తిరిగేసరికి అవతలివాడు తన ధర మళ్ళీ పైకెత్తేసేవాడు. ఒకరోజు క్షౌరశాలలో సగం ముఖానికి నురగతో ఉండగా మా వ్యాను డ్రైవరే వెతుక్కుంటూ వచ్చాడు.

"అయ్యా, సగం గడ్డంతోనైనా ఆ నంబరు కొట్టండి. అక్కడ ఆస్పత్రివాళ్ళు నాకు కత్తి లేకుండా గీస్తున్నారు!"

క్షౌరశాలలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళి లెక్క వేశాను. రోజుకు ముప్పై అయిదు సార్లు, సారికి రెండు నిమిషాలు. గంటా పది. నెలకు ముప్పై గంటల పైచిలుకు. నా గంట ఖరీదు ఎంతో నాకు తెలుసు.

మర్నాడు అన్నిటికంటే చవక ఫోను ఒకటి కొని, నా పేరు మీదే ఇంకో సిమ్ము వేయించి, ఒప్పుకునేవాడి నంబరుగా దాన్ని ఎక్కించి, మేనకోడలి బల్ల మీద పెట్టాను.

తను దాన్ని ముట్టుకోలేదు. "ఇది కూడదు మావయ్యా. నేనే రాసి నేనే ఒప్పుకుంటే ఇంక రెండోవాళ్ళు ఎందుకు?"

"నిన్ను కాక ఇంకెవర్ని నమ్మనే?"

"నమ్మకం సంగతి కాదు. రేపు ఏదైనా తేడా వస్తే, నేను కాదని ఎవరు చెప్తారు?"

"నేను లేనూ? నేను చెప్తాను," అన్నాను.

ఆ మాటతో తను ఫోను తీసుకుంది. ఆ మాట అనడానికి నాకు ఖర్చేమీ కాలేదు కాబట్టి అన్నాను. అప్పు పుట్టేటప్పుడు ఎవడికీ వడ్డీ కనిపించదు.

వారం తిరక్కుండా ఆ ఫోనుకు తనే పేరు పెట్టింది, చిన్న మావయ్య అని. ఇక గోడౌనంతా అదే మాట. "చిన్న మావయ్య ఒప్పుకున్నాడా అమ్మా?" అని డ్రైవరు కేక. "ఒప్పుకున్నాడు, బండి తీయ్," అని తన జవాబు. ఛార్జింగ్ అయిపోతే చిన్న మావయ్యకు నీరసం, నెట్‌వర్క్ పోతే చిన్న మావయ్యకు అలక. పెద్ద మావయ్య కంటే చిన్న మావయ్యే నయం, అడిగిన వెంటనే ఊఁ అంటాడు అని నా ఎదురుగానే అనేవాళ్ళు. నేను పొంగిపోయేవాణ్ణి. మిగిలిన గంటా పది నిమిషాల్లో మూడు కొత్త కంపెనీల ఏజెన్సీలు సంపాదించాను.

నాలుగేళ్ళు అలా గడిచింది. ఒక ఆదివారం కోల్డ్ రూములో చలిని అదుపు చేసే మీట చెడిపోయింది. మిషను ఆగాల్సిన చోట ఆగలేదు. తొమ్మిది గంటలపాటు గది సున్నా కిందికి నాలుగు డిగ్రీల దగ్గర ఉంది. లోపల నలభై పెట్టెల ఇన్సులిన్. అందులో ఆరు పెట్టెలు సోమవారం పొద్దున్నే ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్ళడానికి శనివారమే కట్టి, తలుపు దగ్గర పెట్టి ఉన్నాయి.

సోమవారం జరిగింది మా మేనకోడలు చెప్పినట్టే రాస్తున్నాను. ఆరున్నరకు వచ్చింది. గీత చూసింది. ఆరూ నలభైకి నలభై పెట్టెల్నీ 'ఆపు'లో పెట్టింది. మెకానిక్‌కు ఫోను చేస్తూ, మిషను ఉండే వెనక సందులోకి వెళ్ళింది. అతను అడిగినవన్నీ చూసి చెబుతూ పాతిక నిమిషాలు అక్కడే ఉంది. తిరిగి వచ్చేసరికి వ్యాను లేదు. మాత్రల పెట్టెలు కూడా ఆ పొద్దున వెళ్ళాల్సినవే, వాటికి కోల్డ్ రూము చీటీతో పని లేదు, అవి తీసుకుని వెళ్ళాడనుకుంది. మధ్యాహ్నానికి మెకానిక్ మిషను బాగుచేశాడు. ఆపులో ఉన్న సరుకును ఎవరూ ముట్టరు కాబట్టి, లోపల లెక్క చూడకుండానే తను తలుపుకు తాళం వేసేసింది. బుధవారం కంపెనీ మనిషి వస్తే లెక్కపెట్టి పారబోయించాలి.

బుధవారం లెక్కపెడితే ముప్పై నాలుగు ఉన్నాయి.

అప్పుడు కంప్యూటరు చూశారు. సోమవారం ఆరూ యాభై రెండుకి, ఆ ఆరు పెట్టెలూ 'ఆపు'లోంచి తీసి 'పంపవచ్చు' అని ఉంది. రాసినది మా మేనకోడలి పేరు. ఒప్పుకున్నది నా పేరు. ఆ సమయానికి నేను ఇంట్లో నిద్రపోతున్నాను.

తను నాకు ఫోను చేసింది. మాటలు అందడం లేదు. "మావయ్యా, ఆరు పెట్టెలు వెళ్ళిపోయాయి. నేను పంపలేదు మావయ్యా. నేను ఆపాను."

"కంగారు పడకు. ఆస్పత్రి స్టోరువాడు మనవాడే. చడీచప్పుడు లేకుండా వెనక్కి తెప్పిద్దాం. వేరే ఎవరికీ చెప్పకు."

"చెప్పేశాను. ఆస్పత్రికీ చెప్పాను, డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకీ చెప్పాను. సీసాలు మనుషుల చేతుల్లోకి వెళ్ళుంటాయి మావయ్యా!"

నాకు కోపం వచ్చింది. దాచను. నన్ను అడక్కుండా చెప్పిందని కోపం వచ్చింది.

అయిదు పెట్టెలు సీలు విప్పకుండానే దొరికాయి. ఆరో దాంట్లోంచి పదకొండు సీసాలు రోగులకు ఇచ్చేశారు. సాయంత్రానికి పదిమంది దొరికారు. పదకొండో సీసా తీసుకున్నవాళ్ళు ఆస్పత్రి పుస్తకంలో రాసిన ఫోను నంబరు పాతది. ఇల్లు వెతికి పట్టుకునేసరికి శుక్రవారం అయింది. అది ఒక వడ్రంగి ఇల్లు. అతని భార్యకు చిన్నప్పటినుంచీ చక్కెర జబ్బు. మూడు రోజులు ఇంజెక్షను వేసుకున్నా చక్కెర దిగకపోతే, తనే ఏదో తినకూడనిది తిన్నానేమో అనుకుని తిండి తగ్గించిందట. గురువారం తెల్లవారుజామున స్పృహ తప్పింది. మళ్ళీ రాకుండానే పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, కళ్ళద్దాలకు తాడు. చిన్న మావయ్యను ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు చేసింది. తర్వాత నా ఎదురుగా కూర్చుంది. మా మేనకోడలు తలుపు పక్కన నిలబడి ఉంది.

"ఒప్పుకునే ఫోను ఎవరి దగ్గర ఉంటుందండీ?"

"మా మేనకోడలి దగ్గర."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"అలా ఉండకూడదని మీకు తెలీదా?"

ముప్పై నాలుగేళ్ళ వ్యాపారం నా నోట్లోంచి మాట్లాడింది. అవతలివాడు అడిగేలోపే మన నష్టం ఎంతవరకో కట్ట వేసుకోవాలి. లైసెన్సు నా పేరు మీద ఉంది. పద్నాలుగు మంది జీతాలు దాని మీద ఉన్నాయి. "నేను కొనడం అమ్మడం చూసుకునేవాణ్ణండీ. కోల్డ్ రూము సంగతులన్నీ తనవే," అన్నాను.

ఆమె అంతా రాసుకుని చదివి వినిపించింది. నేను సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్కటే, అదీ సగం. మిగతా ప్రతి మాటా నిజం. తల తిప్పి చూస్తే తలుపు దగ్గర ఎవరూ లేరు.

ఇన్‌స్పెక్టర్ లేచేముందు నేను అడిగాను. "అమ్మా, ఆ పిల్ల కాదంటోంది. ఆపు అని పెట్టింది తనే. మీకు చెప్పింది కూడా తనే."

"తప్పు చేసి భయపడి ముందుగా చెప్పేవాళ్ళనీ చూశానండీ. కాదని నాకూ అనిపిస్తోంది. అనిపించడం రాయడానికి నా కాగితంలో చోటు లేదు. ఆ ఫోను మీ జేబులో ఉండుంటే, ఆ అమ్మాయి ఒక్కతే ఈ పని చెయ్యగలిగేది కాదని ఒక్క వాక్యంలో రాసేదాన్ని. ఇంకెవరో ఒత్తినా మీ ఫోను దగ్గరే ఆగిపోయేది. రెండు తాళాలూ ఆమె దగ్గరే పెట్టారు. ఇప్పుడు దొంగా ఆమే, సాక్షీ ఆమే."

రెండో తాళం దొంగను ఆపడానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది నమ్మకస్థుడిని కాపాడ్డానికి కూడా అని ఆ బట్టతల మనిషి చెప్పలేదు. చెప్పినా నేను వినేవాణ్ణి కాదు.

ఆదివారం మా చెల్లెలు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా పిల్లను నీ చేతుల్లో పెట్టాను అన్నయ్యా."

"నేనేం చేశానే? నమ్మి తాళాలిచ్చాను."

"నమ్మావా? నీకు ఒళ్ళు వంగక ఇచ్చావు. బద్ధకానికి నమ్మకమని బోర్డు కట్టావు. పైగా సంతకం! కాస్త ఆలోచించి చెప్తానని ఒక్క రోజు గడువు అడగలేకపోయావా? బియ్యం బస్తాకు నాలుగు రోజులు బేరమాడతావే!"

మా ఆవిడ లోపల్నించి మంచినీళ్ళు తెస్తే చెల్లెలు తాగకుండా గ్లాసు మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

డ్రైవర్ని పిలిచాను. పదకొండేళ్ళుగా ఉన్న మనిషి. ఆ పొద్దున ఆస్పత్రివాళ్ళు అతనికి నాలుగుసార్లు ఫోను చేశారు. తెరిచిన కంప్యూటరు, పక్కనే ఫోను. మేనకోడలు రోజుకు ముప్పైసార్లు ఒత్తుతుంటే రోజూ చూసినవాడు.

"చీటీ ఎలా వచ్చిందిరా?"

"మిషన్లో ఉందయ్యా. చింపుకున్నాను, పెట్టెలెక్కించాను, పోయాను. రోజూ అంతే కదా."

"నువ్వు ఒత్తావా?"

"నాకు స్టీరింగు తప్ప ఇంకేదీ తెలీదయ్యా. పిల్లల మీద ఒట్టు." అతని కళ్ళలోకి చూశాను. కొనేవాడి కళ్ళలో ఎంతవరకు పెడతాడో చదవడం నా వృత్తి. అతని కళ్ళలో భయం తప్ప ఏమీ లేదు. భయం ఒత్తినవాడికీ ఉంటుంది, ఒత్తనివాడికీ ఉంటుంది.

ఇక చేయకూడని పని చేశాను. మేనకోడలి ఇంటికి వెళ్ళాను. వంటింటి గట్టు మీద కాగితాలు పరుచుకుని, ఆ సోమవారం నిమిషం నిమిషం రాసుకుంటోంది. ఆరూ నలభై, ఆరూ నలభై రెండు, ఆరూ నలభై మూడు. కళ్ళు లోపలికి పోయాయి.

"ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు," అన్నాను. "నాలుగేళ్ళుగా రోజుకు ముప్పైసార్లు ఒత్తే చెయ్యి. ఆపు అని పెట్టాక, అలవాటులో... నీకు తెలీకుండా... చెయ్యి పడిందేమో?"

తను తలెత్తి నన్ను చూసింది. తర్వాత తన కుడిచేతిని బోర్లించి, వెల్లకిలా తిప్పి చూసుకుంది, ఎవరిదో చెయ్యి అన్నట్టు.

"ఇందాకటిదాకా నాకు తెలుసు మావయ్యా," అంది. "నేను ఒత్తలేదని తెలుసు. లోకమంతా అడిగినా తెలుసు. ఇప్పుడు నువ్వు అడిగావు. ఇంక నాకూ తెలీదు."

నాలుగు రోజుల తర్వాత చెల్లెలు ఫోను చేసి చెప్పింది. పిల్లకు కలలో తనే ఒత్తినట్టు వస్తోందట, లేచి చెయ్యి కడుక్కుంటోందట. చెప్పి, నేను ఏదో అనేలోపు పెట్టేసింది.

వడ్రంగి ఒకరోజు పొద్దున వచ్చాడు. నేను డబ్బు సంగతి ముందే ఆలోచించి పెట్టుకున్నాను. ఎంత అడిగితే ఎంత దగ్గర ఆగాలో కూడా అనుకున్నాను. అతను కూర్చుని చేతిసంచిలోంచి ఒక ఫ్లాస్కు తీశాడు. మూత తిప్పితే లోపల మంచు ముక్కలు, వాటి మధ్య గుడ్డ చుట్టిన సీసా. మిగిలిన ఇన్సులిన్.

"దీన్ని వేడి తగలనివ్వకూడదు కదండీ. ఆవిడ ఎప్పుడూ చెప్పేది," అన్నాడు. "పరీక్షకు కావాలేమో అని తెచ్చాను. బాగానే దాచాం. మేం ఎక్కడా పాడుచెయ్యలేదు."

చేతులు అతనివి కాయలు కాచి ఉన్నాయి, కానీ సీసాను గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మా నుంచి వెళ్ళేటప్పటికే అది చచ్చిన మందు. దాన్ని అతను పదిహేను రోజులుగా మంచులో బతికిస్తున్నాడు.

"ఇద్దరు చూసి పంపాలట కదండీ. ఆఫీసులో చెప్పారు. ఒకరు ఆ అమ్మాయి. రెండోవారు ఎవరండీ?"

"నేనే."

"చూశారా?"

"లేదు."

"ఆ రోజొక్కటేనా?"

"నాలుగేళ్ళుగా చూడలేదు."

అతను తల ఊపాడు. తిట్టలేదు. డబ్బు మాట నేనే ఎత్తబోతే, "అది తర్వాత లెండి," అని సీసాను నా బల్ల మీద పెట్టి, ఫ్లాస్కు మాత్రం తీసుకుని వెళ్ళాడు. ఫ్లాస్కు ఇంట్లో కావాలట.

ఆ రోజే ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వెళ్ళాను. వరండాలో రెండు గంటలు కూర్చున్నాను. లోపలికి పిలిచాక, "నా మాట మార్చుకుంటాను. ఫోను నేనే ఆమెకిచ్చాను. వద్దంటే బలవంతాన ఇచ్చాను. తప్పు నాది. నా లైసెన్సు తీసుకోండి, ఆ పిల్ల రిజిస్ట్రేషన్ ముట్టుకోకండి," అన్నాను.

నా జీవితంలో బేరమాడకుండా చెప్పిన ధర అదొక్కటే.

ఆమె కళ్ళద్దాలు తీసి తాడుకు వదిలేసింది. "మొదటి రోజు చెప్పుంటే అది సాక్ష్యం అయ్యేదండీ. ఇన్నాళ్ళకి చెప్తున్నారు. మధ్యలో మీ చెల్లెలు వచ్చుంటారు, ఇంట్లో ఏడుపులు అయ్యుంటాయి. దీన్ని పైవాళ్ళు బంధుత్వం అంటారు. రాసుకుంటాను. ఫైల్లో మొదటి కాగితం మాత్రం మొదటి కాగితంగానే ఉంటుంది."

"నేను చెప్తున్నది నిజం."

"ఆ రోజు చెప్పింది కూడా నిజమే కదా?"

ఇచ్చేవాడు ఇస్తానంటుంటే తీసుకునేవాడు వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. డబ్బు చెల్లని చోటు ఉంటుందని తెలుసు. మాట చెల్లని చోటు ఉంటుందని, అది నేను చేసుకున్నదేనని, మెట్లు దిగుతుంటే తెలిసింది.

రెండు నెలలకు ఉత్తర్వులు వచ్చాయి. నా లైసెన్సు తొంభై రోజులు ఆపారు. మా మేనకోడలి రిజిస్ట్రేషన్ రద్దు చేశారు. ఇక ఆమె ఏ మందుల షాపులోనూ, ఏ ఆస్పత్రిలోనూ పని చేయడానికి లేదు. కోర్టులో కేసు వేరే నడుస్తుంది. అందులో మొదటి ముద్దాయి తను, రెండో ముద్దాయి నేను. వరసలో కూడా రెండోవాణ్ణే.

తొంభై రోజుల తర్వాత గోడౌను మళ్ళీ తెరిచాను. ఇప్పుడు ఫోను నా జేబులోనే ఉంటుంది. రోజుకు ముప్పై అయిదు సార్లు గీత చూస్తాను. రాసేది కొత్తగా చేరిన ఒక ఆయన. అతను నాకు ఏమీ కాడు. డ్రైవరు పని మానేసి ఎటో వెళ్ళాడు. ఆ ఆరూ యాభై రెండుకి ఎవరి వేలు పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. డ్రైవరేనని అనుకున్న రోజులున్నాయి. మేనకోడలేనని అనుకున్న రోజులూ ఉన్నాయి. మూడోది కూడా ఉంది. ఎవరు ఒత్తినా నేను చూడాల్సిన గీత నేను చూసి ఉంటే ఆగేది. ఆ లెక్క ఒక్కటే ఎన్నిసార్లు కూడినా తేడా రావడం లేదు.

తెరిచిన వారానికి మేనకోడలు వచ్చింది. తన దగ్గరున్న వస్తువులు అప్పజెప్పడానికి. వెంట మా పక్క కొట్టాయన ఉన్నాడు, ప్లాస్టిక్ బకెట్లు అమ్ముకునే మనిషి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"ఈయనెందుకమ్మా?" అన్నాను.

"సాక్షికి."

"నా దగ్గరకు రావడానికి సాక్షి ఏంటే? అంతగా కావాలంటే మీ అమ్మను తీసుకురాలేకపోయావా?"

"ఇంటివాళ్ళు పనికిరారండీ," అంది.

అండీ అంది. పుట్టినప్పుడు గుడ్డలో చుట్టి ముందు నా చేతుల్లోనే పెట్టారు దాన్ని. మాటలొచ్చిన రోజునుంచీ నువ్వు అనే పిలిచింది. బకెట్లాయన గోడ మీద క్యాలెండరు వైపు తిరిగాడు.

తను సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. రెండూ ఒకటే. ఒక్కొక్కటే చదువుతూ బల్ల మీద పెట్టింది. గోడౌను తాళంచెవులు నాలుగు. కోల్డ్ రూము తాళంచెవి ఒకటి. థర్మామీటర్లు మూడు, అందులో ఒకటి పగిలినది. రబ్బరు ముద్ర ఒకటి. పాత రిజిస్టర్లు ఆరు. గ్లవ్సులు ఒక జత. మందపాటి కోటు ఒకటి. గుండీ ఊడిపోయిందని కూడా రాసి ఉంది.

"కోటు నువ్వే ఉంచుకోవే, ఎవరు వేసుకుంటారు దాన్ని," అన్నాను.

"మీదండీ అది."

కాగితం నా ముందుకు జరిపింది. నేను కలం తీసి సంతకం పెట్టేశాను. తను ఆ కాగితాన్ని తీసుకోలేదు. సంచిలోంచి ఇంకొకటి తీసి దాని మీద పెట్టింది. ఇలా అవుతుందని ముందే ఒకటి ఎక్కువ రాసుకుని వచ్చింది.

"చదివి పెట్టండి."

చదివాను. మొదటినుంచీ చదివాను. అడుగున ఒక వాక్యం ఉంది. 'పై వస్తువులు కాక, ఈ సంస్థకు గాని, దీని యజమానికి గాని చెందినది ఏదీ నా దగ్గర లేదు.'

"యజమాని అన్న మాట తీసెయ్యమ్మా," అన్నాను.

"ఉండనివ్వండి."

బకెట్లాయన మెల్లగా అడిగాడు. "నేనెక్కడ పెట్టాలి సంతకం?"

తను వేలితో చూపించింది. అతను పెట్టాడు. నేను పెట్టాను. తను పెట్టింది. ఒక కాగితం మడిచి సంచిలో వేసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. బకెట్లాయన తనూ వెళ్ళొచ్చా అన్నట్టు నా వైపు చూశాడు. వెళ్ళమన్నాను.